నిఘంటు నిర్మాత చార్లెస్ ఫిలిప్ బ్రౌన్

ఆంగ్లభాష నేర్చుకొనే మన విద్యార్థుల నోటుపుస్తకాలలో పదాల పట్టికలు తరచుగా కనిపిస్తాయి. ఒక పుటలో అయిదక్షరాల మాటలు, మరొక పుటలో ఆరక్షరాల మాటలు, ఇంకొకచోట క్యూ, ఎక్స్, జెడ్ వంటి అరుదైన అక్షరాలు గల మాటలు వరుసగా వ్రాసి, ఒక్కొక్క దానికి ఎదురుగా ఒక్కొక్క తెలుగు అర్థం వ్రాసి ఉంటుంది. పోటీపరీక్షలకూ పదక్రీడలకూ ఇవి ఉపకరిస్తాయి కనుక ఈ అలవాటును తప్పు పట్టనక్కరలేదు. కాని ఒక మాటకు ఎన్ని అక్షరాలున్నాయో గుర్తుండడం వేరు, ఆ మాట తెలిసి ఉండడం వేరు. ఆంగ్లంలో అయిదక్షరాల ‘బ్రేక్’ అన్న మాటకు పట్టికలో విరుచుట అని ఒక అర్థం ఉంటుంది. తెల్లవారడానికీ, ఇచ్చిన మాట తప్పడానికీ, వినరాని వార్తను మెల్లగా చెప్పడానికీ ఆంగ్లేయులు ఆ మాటనే వాడతారన్న సంగతి పట్టిక చెప్పదు. అది తెలియాలంటే నిఘంటువు కావాలి. ఆ నిఘంటువు వెనుక, మాటను వాడుకలో పెట్టి చూచిన మనిషి కావాలి.

తెలుగువారికి అటువంటి మనిషి ఏడుసముద్రాల ఆవలి జాతిలో లభించాడు. ఆయనే చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. ఆయన పేరు వినని తెలుగు విద్యార్థి ఉండడు. ఆయన జీవితాన్ని తెలిసికొన్నవారు మాత్రం తక్కువ. కేవలం పుస్తకాలు వ్రాసిన పండితుడుగానే గాక, మాటకు ఉన్న విలువ కోసం కష్టనష్టాలు అనుభవించిన వ్యక్తిగా ఆయనను స్మరించడం ఈ వ్యాసం ఉద్దేశ్యం.

బ్రౌన్ 1798వ సంవత్సరం నవంబరు 10వ తేదీన కలకత్తా నగరంలో జన్మించాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు, కలకత్తాలోని ఫోర్టు విలియం కళాశాలలో ఉన్నత పదవి నిర్వహించినవాడు. బహుభాషావేత్త అయిన ఆయన తన కుమారునికి చిన్ననాడే హీబ్రూ, అరబ్బీ, పారశీక, హిందూస్తానీ భాషలలో ప్రవేశం కలిగించాడు. బ్రౌన్ తెలుగు అక్షరం చూడకముందే పారశీక లిపితో పరిచయం కలిగినవాడన్న సంగతి ఉర్దూ, తెలుగు రెండూ చదివే మన విద్యార్థులు ప్రత్యేకంగా గమనింపదగినది. ఆయన అనంతర జీవితంలో ఈ పునాది ఎంతగా అక్కరకు వచ్చిందో ముందు చూడగలం.

1812లో తండ్రి మరణించాడు. కుటుంబం ఇంగ్లండు చేరింది. అక్కడ హెయిలీబరీ కళాశాలలో కంపెనీ ఉద్యోగానికి తగిన శిక్షణ పొంది, బ్రౌన్ 1817 ఆగస్టులో మద్రాసు చేరుకొన్నాడు. ఉద్యోగంలో కుదురుకొనకముందు దేశభాషలు నేర్చి పరీక్షలో ఉత్తీర్ణత పొందడం కంపెనీవారి నియమం. ఫోర్టు సెయింట్ జార్జి కళాశాలలో వెలగపూడి కోదండరామపంతులు బ్రౌన్‌కు తొలి తెలుగు గురువు. ఇరవై ఏండ్ల ఆంగ్ల యువకుడు అ ఆలు దిద్దుకొన్నది ఆ పంతులు గారి వద్దనే.

1820లో పరీక్ష ముగించుకొని ఆయన కడపకు కలెక్టరు సహాయకుడుగా వచ్చాడు. ఈ ఘట్టానికి మన ప్రాంతంతో సంబంధం ఉన్నది. నేడు మనం పశ్చిమ ప్రకాశం అని పిలుచుకొనే కంభం, మార్కాపురం సీమలు ఆ కాలంలో కడప కలెక్టరు పాలనలోనివే. 1858లో అవి కర్నూలు జిల్లాలో చేరినవి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు అందులో కలిసినవి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. కనుక బ్రౌన్ కచేరీలో కూర్చుండి విన్న తెలుగు పరాయి సీమది కాదు. మన తాతముత్తాతల అర్జీలలోనూ ఫిర్యాదులలోనూ పలికిన తెలుగుకు అది తోబుట్టువు.

ఆ కచేరీలోనే ఆయనకు ఒక చిక్కు ఎదురైంది. మద్రాసులో చదివిన పుస్తకాల తెలుగు ఒకటి, రైతు నోట వచ్చే తెలుగు మరొకటి. వ్యాకరణమంతా చదివిన దొరకు ఎదుట నిలబడిన సాక్షి చెప్పే నాలుగు మాటలు బోధపడకపోతే న్యాయం ఎలా జరుగుతుంది? అప్పటికి ఆంగ్లేయులకు అందుబాటులో ఉన్న సాధనాలు స్వల్పం. విలియం బ్రౌన్ అనే వేరొక అధికారి కూర్చిన పదకోశం 1818లో వచ్చింది. మచిలీపట్నం వాసి మామిడి వెంకయ్య కూర్చిన ఆంధ్రదీపిక ఆధారంగా ఎ. డి. కాంబెల్ తయారుచేసిన నిఘంటువు 1821లో అచ్చయింది. వీటిలో కావ్యభాషకు దక్కిన చోటు వాడుకభాషకు దక్కలేదు. ఈ లోటు తీర్చాలన్న సంకల్పం బ్రౌన్ మనస్సులో మెల్లమెల్లగా బలపడింది.

1822లో ఆయన మచిలీపట్నానికీ, 1825లో రాజమహేంద్రవరానికీ బదిలీ అయినాడు. మచిలీపట్నంలో ఉండగా అబ్బే డుబోయి అనే ఫ్రెంచి మతబోధకుని గ్రంథంలో వేమన ప్రస్తావన ఆయన కంటబడింది. విదేశీయుడు సైతం మెచ్చిన ఈ కవి పద్యాలను పండితులు పుస్తకాలకెక్కించక నిర్లక్ష్యం చేయడం ఆయనకు ఆశ్చర్యం కలిగించింది. వెంటనే తాటియాకు ప్రతులు సేకరించడం ప్రారంభించాడు. ఒక ప్రతిలోని పద్యం మరొక ప్రతిలో లేకపోవడం, ఉన్నా పాఠం వేరుగా ఉండడం చూచి, అనేక ప్రతులను పక్కపక్కన పెట్టి పోల్చి, సరియైన పాఠం నిర్ణయించే పద్ధతి అవలంబించాడు. ఆ కృషి ఫలితంగా 1829లో వేమన పద్యాలు ఆంగ్లానువాదంతో వెలువడినవి. 1839లో మలిముద్రణ వచ్చేనాటికి పద్యాల సంఖ్య 1164కు పెరిగింది. నాడు భిక్షువుల నోళ్ళలోనూ పల్లెజనుల నాలుకలపైనా మాత్రమే ఉన్న వేమన నేడు మన పాఠ్యగ్రంథాలలో ఉన్నాడంటే అందులో బ్రౌన్ పాలు తక్కువది కాదు.

1826లో ఆయన తిరిగి కడపకు వచ్చాడు. ఊరిలో తోటతో కూడిన ఒక బంగళా కొని, అందులో పండితులనూ లేఖకులనూ తన సొంత ఖర్చుతో పోషించాడు. జనం దానిని బ్రౌను కాలేజీ అని పిలిచారు. అక్కడ పట్టాలు లేవు, పరీక్షలు లేవు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి వంటివారు కావ్యాల ప్రతులను పరిష్కరించేవారు. జూలూరి అప్పయ్య మొదలైన పండితులు తప్పొప్పులు సరిచూచేవారు. పురుగులు తొలిచిన తాటియాకుల నుండి కాగితం మీదికి ప్రతులు తీయించి, వాటిని గట్టిగా జిల్దు కట్టించేవారు. పద్యాలలో వచ్చిన మాటలను ప్రయోగాలతో సహా ఏరి అకారాది క్రమంలో కూర్చేవారు. ఇదంతా కంపెనీ పని కాదు, కంపెనీ సొమ్ము కాదు. జీతం చాలకపోగా బ్రౌన్ అప్పులు చేశాడు. కడపలోనూ మచిలీపట్నంలోనూ పేద బాలురకు ఉచితంగా చదువు చెప్పే బడులు సైతం నెలకొల్పాడు.

ఇట్లు మాటలను ఏరి, తూచి, అర్థం నిర్ణయించే పనిలో మునిగిన మనిషికి ఒక కఠిన పరీక్ష ఎదురైంది. ఆ పరీక్ష ఒకే ఒక ఆంగ్ల పదానికి సంబంధించినది. 1832-33 నందన నామ సంవత్సరంలో గుంటూరు సీమను ఘోరమైన క్షామం కబళించింది. నందన కరువు అని ఆ తరువాత తరాలవారు భయంతో చెప్పుకొన్నది దానినే. వానలు లేవు, గాదెలలో గింజలు లేవు, దారుల వెంట శవాలు. ఆ జిల్లాలో ఉన్న సుమారు 5 లక్షల జనంలో లక్షన్నరకు తక్కువ కాకుండా మరణించారని అంచనా. మన పుల్లలచెరువు నుండి తూర్పుగా సాగితే వచ్చే వినుకొండ సీమ ఆ గుంటూరు మండలంలోనిదే. ఆకలి జిల్లా సరిహద్దులు చూచి ఆగేది కాదని వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ సమయంలో బ్రౌన్ గుంటూరులో ఉద్యోగం చేస్తున్నాడు. పై అధికారుల లేఖలలో ఈ విపత్తుకు వాడిన మాట ‘స్కేర్సిటీ’. ఆంగ్లంలో అది ఎనిమిదక్షరాల మాట. కొరత అని దాని అర్థం. బ్రౌన్ తన లేఖలలో వాడిన మాట ‘ఫామిన్’. అది ఆరక్షరాల మాట. కరువు అని దాని అర్థం. పదాల పట్టికలో ఈ రెండూ ఇంచుమించు సమానార్థకాలుగా పక్కపక్కనే ఇమిడిపోతాయి. పాలనలో మాత్రం వీటి నడుమ ఉన్న దూరం బ్రతుకుకూ చావుకూ ఉన్న దూరం. కొరత అన్నప్పుడు ధరలు కొంత పెరిగినవని, కొన్నాళ్ళకు అవే సర్దుకొంటవని ఊరకుండవచ్చు. శిస్తు వసూలు యథాప్రకారం సాగించవచ్చు. కరువు అని ఒప్పుకొన్న మరుక్షణం శిస్తు ఆపవలె, గంజి పోయించవలె, బొక్కసం తెరవవలె. కనుకనే పై వారికి మొదటి మాట ఇంపైనది. ఉన్నదానిని ఉన్నట్లు చెప్పే మాట వారికి రుచించలేదు.

ఆకలికి అలమటించి చచ్చేవారిని కండ్లారా చూస్తూ దానికి కొరత అని పేరు పెట్టడం నిఘంటుకారునికి సాధ్యం కాలేదు. కరువు అన్న మూడక్షరాల తెలుగు మాటకు, ఖహత్ అన్న ఉర్దూ మాటకు ఆంగ్లంలో సరియైన అర్థం ఏదో ఆయనకు తెలుసు. తెలిసిన అర్థాన్ని దాచి, తెలియనట్లు మరొక మాట వ్రాయడం ఆయన చేయలేదు. ఈ విషయంలో ఆయన పై అధికారుల ఆగ్రహానికి గురి అయినాడు. ఉద్యోగంలో ఆయనకు ఇతర వివాదాలూ ఉండినవి. 1834లో ఆయన కొలువు పోయింది. ఆ ఒక్క మాటే దానికి హేతువని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. కాని ఆ మాట వల్ల మేలు కలుగదని తెలిసీ ఆయన దానిని విడువలేదన్నది మనం మరువరానిది.

కొలువు పోయిన బ్రౌన్ ఇంగ్లండు వెళ్ళాడు. మరొకరైతే తెలుగును అంతటితో మరచి ఉండేవారు. ఆయన మాత్రం లండనులోని ఇండియా హవుసు గ్రంథాలయంలో కాలు మోపి, అక్కడ పట్టించుకొనేవారు లేక పడి ఉన్న దక్షిణదేశ భాషల వ్రాతప్రతుల గుట్టలను చూచాడు. చదివేవారు లేని చోట వాటిని ఉంచడం వ్యర్థమని వాదించి, రెండువేలకు పైగా గ్రంథాలు తిరిగి మద్రాసు చేరేటట్లు చేశాడు. నేడు చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్యలిఖిత గ్రంథాలయంలో పరిశోధకులు తిరగవేస్తున్న ప్రతులలో ఆనాడు ఓడ ఎక్కి తిరిగి వచ్చినవి ఉన్నవి.

1830ల చివర ఆయనకు మద్రాసులో మరల సర్కారు కొలువు దొరికింది. ఆ కొలువు పారశీక భాషానువాదకుని పదవి! తండ్రి ఒడిలో నేర్చిన విద్య ఇరవై అయిదేండ్ల తరువాత ఇట్లు అన్నం పెట్టింది. తరువాత ఆయన మద్రాసు రాజధానికి పోస్టుమాస్టరు జనరలుగా సైతం పనిచేశాడు. పగలు ఉద్యోగం, తక్కిన వేళ తెలుగు. 1840లో ఆయన తెలుగు వ్యాకరణం ఆంగ్లంలో వెలువడింది. 1842లో గౌరన హరిశ్చంద్ర ద్విపదను, 1844లో వసుచరిత్రను, 1851లో మనుచరిత్రను అచ్చు వేయించాడు. ప్రౌఢ ప్రబంధానికీ, పామరులు పాడుకొనే ద్విపదకూ ఆయన ముద్రాయంత్రం ముందు సమాన గౌరవం దక్కింది.

1852 నుండి 1854 వరకు గల మూడు సంవత్సరాలు తెలుగు నిఘంటు చరిత్రలో చిరస్మరణీయమైనవి. కడప బంగళాలో మొదలైన పాతికేళ్ళ శ్రమ మద్రాసు వేపేరిలోని అచ్చుకూటం నుండి పుస్తకాల రూపంలో బయటికి వచ్చింది. తెలుగు మాటలకు ఆంగ్లార్థాలు చెప్పేది ఒకటి. ఆంగ్ల పదాలకూ నుడికారాలకూ తెలుగు చెప్పేది మరొకటి. తెలుగు-ఆంగ్ల నిఘంటువులో కవుల ప్రయోగాల పక్కనే బజారు మాటలు, పొలం మాటలు, వంటింటి మాటలు చోటు చేసుకొన్నవి. పండితులు గ్రామ్యమని త్రోసిపుచ్చిన మాటను ఆయన గౌరవంతో లోపలికి పిలిచి పీట వేశాడు. ఒక మాటకు ఒకే అర్థం ఉంటుందని ఆయన నమ్మలేదు. చేయి అంటే అవయవం. చేయి చేసుకొనడం కొట్టడం. చేయి కలపడం సహకరించడం. చేయి జారడం పోగొట్టుకొనడం. ఇట్లు మాట మరొక మాటతో కలిసినప్పుడు ఏమవుతుందో చెప్పనిదే అర్థం చెప్పినట్లు కాదన్నది ఆయన నిఘంటువుకు ఆయువుపట్టు.

ఇక మూడవది మన కళాశాల వంటి చోట విశేషంగా చెప్పుకొనవలసినది. అదే 1854 నాటి మిశ్రభాషా నిఘంటువు. తెలుగులో కలిసిపోయిన అన్యదేశ్యాలకు ఆయన దానిలో అర్థాలు చెప్పాడు. దీనికి ముందే 1852లో జిల్లా నిఘంటువు అన్న పేరుతో, కచేరీలలో వాడే దేశీయ పదాలను ఆంగ్ల లిపిలో కూర్చి, తెలుగక్షరాలు రాని అధికారికి సైతం అందుబాటులోకి తెచ్చాడు. అరబ్బీ, పారశీక పదాలను తెలుగు నుండి వెళ్ళగొట్టాలని ఆయన తలచలేదు. జనం వాడుతున్న మాట జనం సొత్తు అన్నదే ఆయన దృష్టి.

ఈ దృష్టితో చూస్తే మన నిత్యవ్యవహారంలోని మాటలే ఎంత చరిత్ర చెబుతవో తెలుస్తుంది. జిల్లా అన్న మాటకు అరబ్బీ మూలంలో పక్కటెముక, పార్శ్వం అని అర్థం. రాజ్యమనే శరీరానికి జిల్లా ఒక పక్క అన్నమాట. రైతు అన్న మాటకు మూలమైన రయ్యత్ అంటే పాలకుని రక్షణలో ఉన్న ప్రజ. నాగలి పట్టినవాడే ప్రజ అన్న భావం ఆ మాటలో కలిసిపోయింది. కౌలు అన్న మాటకు మూలార్థం మాట, వాగ్దానం. ఇచ్చిన మాట మీద నిలిచిన సేద్యం కనుక అది కౌలు అయింది. రాజీనామా అంటే పారశీకంలో సమ్మతిపత్రం. మన తెలుగులో అది ఉద్యోగం వదలుకొనే పత్రమైంది. మార్కాపురం పలక మీద కాగితం అని వ్రాసి దిద్దుకొనే పల్లెటూరి బాలుడు తాను పారశీకపు మాట దిద్దుతున్నానని ఎరుగడు. ఎరుగకపోవడమే ఆ మాట తెలుగైపోయిందనడానికి నిదర్శనం. ఇంటిలో ఉర్దూ, వీథిలో తెలుగు మాటలాడే బిడ్డలకు ఈ రెండు భాషలు ఎదురుబొదురు ఇండ్లు కావు, ఒకే ఇంటిలోని రెండు గదులు. ఆ గదుల మధ్య తలుపును తెరచి చూపించిన పుస్తకం బ్రౌన్ మిశ్రభాషా నిఘంటువు.

బ్రౌన్‌ను కీర్తించే ఉత్సాహంలో రెండు సత్యాలు మరువరాదు. ఆయన కంపెనీ ఉద్యోగి. ఈ దేశం నుండి శిస్తు వసూలు చేసే యంత్రంలో ఆయన సైతం ఒక భాగం. నిఘంటువు ఆంగ్ల అధికారుల అవసరం కూడా. అట్లే నిఘంటువు ముఖపత్రం మీద కనిపించేది ఒక్క పేరైనా, దాని వెనుక దీపం వెలుతురులో తాటియాకులు చదివిన పదుల కొలది తెలుగు పండితుల కండ్లు ఉన్నవి. ఈ రెండింటినీ గుర్తుంచుకొని చూచినా ఆయన కృషి తగ్గదు. అధికారి చేయవలసిన దానికంటె మిక్కిలి ఎక్కువ చేసినవాడనీ, పండితుల విద్యకు కూడు పెట్టి వారి పనికి ఒక క్రమం కల్పించినవాడనీ ఆయన మీద గౌరవం పెరుగుతుంది.

ఆరోగ్యం క్షీణించగా 1855లో బ్రౌన్ ఉద్యోగం విరమించి భారతదేశం విడిచాడు. అదే సంవత్సరంలో ఆయన ప్రకటించిన తాతాచారి కథలు వ్యవహార భాషలో తెలుగు వచనానికి చక్కని ఉదాహరణ. 1865లో లండను విశ్వవిద్యాలయం ఆయనను తెలుగు ఆచార్యునిగా నియమించింది. చివరిదాకా తన నిఘంటువు ప్రతులలో దిద్దుబాట్లు చేర్పులు చేసుకొంటూ, 1884 డిసెంబరు 12వ తేదీన తన 86 ఏండ్ల వయస్సులో లండనులో కన్నుమూశాడు. కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికలో ఆయన సమాధి ఉన్నది.

మరణానంతరం ఆయన కృషి మరుగున పడలేదు. కందుకూరి వీరేశలింగం ప్రభృతుల పరిష్కరణతో తెలుగు-ఆంగ్ల నిఘంటువు 1903లో మలిముద్రణ పొందింది. బ్రౌన్ జీవితాన్ని పాత కాగితాల నుండి వెలికితీయడానికి బంగోరె అనే కలంపేరుతో ప్రసిద్ధుడైన బండి గోపాలరెడ్డి విశేషంగా పాటుబడ్డాడు. కడపలో శిథిలమైపోయిన బ్రౌన్ బంగళా స్థలంలో జానమద్ది హనుమచ్ఛాస్త్రి మొదలైనవారి పూనికతో గ్రంథాలయం వెలసింది. నేడది యోగి వేమన విశ్వవిద్యాలయానికి చెందిన భాషా పరిశోధన కేంద్రం. వేమనను వెలికితీసిన వాని ఇంటి స్థలం వేమన పేరిటి విశ్వవిద్యాలయం నీడలో ఉండడం ఎంతైనా సముచితం.

విద్యార్థినీ విద్యార్థులారా! మీ నోటుపుస్తకాలలోని పదాల పట్టికలను చింపివేయనక్కరలేదు. అయిదక్షరాల మాటలు, ఆరక్షరాల మాటలు ఏరుకొనండి. అక్షరాలు లెక్కపెట్టుకొనండి. కాని అంతటితో ఆగిపోవద్దు. ఆ మాటను ఎవరు, ఎప్పుడు, ఎవరితో అంటారో తెలిసికొనండి. దానికి సరియైన తెలుగు మాట మీ అమ్మ నోట ఉన్నదేమో, ఉర్దూ మాట మీ తాత నోట ఉన్నదేమో అడిగి వ్రాసికొనండి. రేపు మీలో కొందరు కచేరీలలో కూర్చుంటారు, కొందరు బడులలో పాఠాలు చెబుతారు, కొందరు పత్రికలకు వ్రాస్తారు. ఆనాడు కరువును కరువని వ్రాయవలసిన సమయం మీకూ రావచ్చు. మాట అర్థం తెలిసినవాడు ఆ సమయంలో మరొక మాట వ్రాయలేడు. నిఘంటువు మనకు నేర్పే పెద్ద పాఠం అదే.